బోరు నీటితో నింపిన ఈత కొలను తేటపడిన విధం
నల్లగొండ శివారులోని మా కొత్త ఈత కొలనును బోరు నీటితో నింపిన కొద్ది రోజులకే నీరు పాలు కలిపినట్లు తెల్లబడి, గోడల అంచున సున్నపు పొర కట్టింది. పరీక్షించగా పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయిని చూపే కొలత) 8 దాటింది. క్షారత (ఆమ్లాన్ని తట్టుకుని పీహెచ్ మారకుండా ఆపే గుణం), కాఠిన్యం (నీటిలో కరిగిన కాల్షియం వంటి లవణాల మోతాదు) రెండూ ఎక్కువే. కొత్త సిమెంటు పూత కూడా కొంతకాలం పీహెచ్‌ను పెంచుతూనే ఉంటుంది. ముందుగా క్షారతను 80–120 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో చెప్పే కొలత) మధ్యకు దించడానికి, పంపు నడుస్తుండగా హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని బకెట్ నీటిలో కలిపి (ఆమ్లంలో నీరు ఎన్నడూ పోయరాదు) కొద్దికొద్దిగా వేస్తూ, ప్రతిసారీ మళ్లీ పరీక్షించాను. ఆ తరువాతే పీహెచ్ 7.2–7.8 మధ్య నిలిచింది. క్రిములను చంపడానికి వాడే బ్లీచింగ్ పౌడరు కాల్షియాన్ని మరింత పెంచుతుంది కనుక, దాని బదులు ద్రవరూపంలోని సోడియం హైపోక్లోరైట్‌ను, ఆమ్లంతో కలవకుండా, వేరే వేళలో వేశాను. కాఠిన్యాన్ని మాత్రం ఈ మందులేవీ తగ్గించవు. కొంత నీరు తోడేసి, డాబా మీద నుంచి పట్టిన వాన నీటిని కలపడమే నాకు మేలనిపించింది.