ముత్యాల గర్భం తొలగించాక పొట్ట ఉబ్బుతోందా? సమస్య, కారణం, పరిష్కారం

సమస్య

ముత్యాల గర్భాన్ని (మోలార్ ప్రెగ్నెన్సీ; బిడ్డ సరిగా ఏర్పడకుండా మాయ కణజాలం నీటి బుడగల్లా పెరిగే అసాధారణ గర్భం) సక్షన్ పద్ధతిలో తొలగించిన కొన్ని రోజులకు, కొందరిలో తొలగించక మునుపే, పొట్ట బిగుసుకుని ఉబ్బడం, వాంతులు, పడుకుంటే ఆయాసం, మూత్రం తగ్గిపోవడం, రెండు మూడు రోజుల్లోనే బరువు పెరగడం కనిపిస్తే, దాన్ని గ్యాస్ అనుకుని వదిలేయకూడదు. స్కాన్‌లో అండాశయాలు రెండూ పలుచని గోడల నీటి తిత్తులతో పెద్దవై, పొట్టలో నీరు చేరి ఉంటే, సంతానం కోసం ఎలాంటి మందులూ వాడకపోయినా ఓవేరియన్ హైపర్‌స్టిమ్యులేషన్ సిండ్రోమ్‌ను, అంటే అండాశయాలు అతిగా ప్రేరేపితమై పొట్టలోకి ద్రవం కారే స్థితిని, అనుమానించాలి. ఇది చాలా అరుదు. ఆలోచనకు ఆలస్యంగా తట్టేదీ అందుకే.

కారణం

ముత్యాల గర్భంలో అదుపు తప్పి పెరిగే మాయ కణాలు గర్భంలో తయారయ్యే హెచ్‌సీజీ హార్మోన్‌ను విపరీతంగా విడుదల చేస్తాయి; రక్తంలో దాని స్థాయి మిల్లీలీటరుకు 1,00,000 మిల్లీయూనిట్లు దాటడం తరచుగా చూస్తాం. నిర్మాణంలో ఇది అండాశయాలను ప్రేరేపించే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, థైరాయిడ్‌ను ప్రేరేపించే టీఎస్‌హెచ్ హార్మోన్లను పోలి ఉంటుంది కనుక, ఆ మోతాదులో అండాశయాలను ప్రేరేపించడమే కాక థైరాయిడ్‌నూ రెచ్చగొట్టి గుండెదడ, చేతుల వణుకు తెస్తుంది. ప్రేరేపితమైన అండాశయాల నుంచి వెలువడే వీఈజీఎఫ్ అనే పదార్థం వల్ల సూక్ష్మ రక్తనాళాల నుంచి ద్రవం పొట్టలోకి, కొన్నిసార్లు ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరల్లోకి కారిపోతుంది. పొట్ట నిండా నీరున్నా రక్తనాళాల్లో మాత్రం నీటి ఎద్దడే. రక్తం చిక్కబడి గడ్డకట్టే ముప్పు, కిడ్నీలు దెబ్బతినే ముప్పు అందులోంచే పుడతాయి. గర్భం తొలగించినా హెచ్‌సీజీ ఒక్కసారిగా తగ్గదు కాబట్టి తిత్తులు మరికొన్ని రోజులు పెరగవచ్చు.

రెండు చోట్ల పొరబాటు జరుగుతుంది. అండాశయ క్యాన్సర్ అనుమానంలో రక్తంలో చూసే సీఏ-125 అనే ప్రొటీన్ ఈ స్థితిలోనూ పెరుగుతుంది గనుక దాన్ని చూసి అండాశయ క్యాన్సర్ అని నిర్ధారించకూడదు. హెచ్‌సీజీ మరీ ఎక్కువైతే పరీక్షలో తప్పుగా తక్కువ చూపవచ్చు. అనుమానం ఉంటే నమూనాను పలుచన చేసి మళ్లీ చూడమని ల్యాబ్‌ను అడగాలి.

పరిష్కారం

ముత్యాల గర్భం ఇంకా లోపలే ఉంటే, రోగి స్థితిని, ముఖ్యంగా థైరాయిడ్‌ను, అదుపులోకి తెచ్చి దాన్ని తొలగించడమే అసలు చికిత్స. ఆపై రోజూ బరువు, పొట్ట చుట్టుకొలత, మూత్ర పరిమాణం, హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూస్తారు. హిమటోక్రిట్ 45 శాతం దాటితే రక్తం చిక్కబడుతోందని అర్థం. సెలైన్, అవసరమైతే ఆల్బుమిన్ అనే రక్త ప్రొటీన్ ఇస్తారు; రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వాడతారు; ఊపిరాడనంతగా పొట్ట బిగిస్తే స్కాన్ చూస్తూ సూదితో నీరు తీస్తారు. వాపు చూసి మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వేసుకోవడం ప్రమాదకరం, ఎందుకంటే చిక్కబడిన రక్తం ఇంకా చిక్కబడుతుంది. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి కాక పారాసిటమాల్ వాడాలి.

అండాశయాలకు ఆపరేషన్ సాధారణంగా అక్కర్లేదు. హెచ్‌సీజీ తగ్గేకొద్దీ తిత్తులు కొన్ని వారాల నుంచి నెలల్లో వాటంతటవే కరుగుతాయి. అండాశయం మెలిక పడినా, తిత్తి పగిలి రక్తస్రావమైనా అది వేరే సంగతి: ఒకవైపు హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, లేదా రక్తం గడ్డకట్టిన సూచనగా ఒక కాలే వాచడం, ఛాతీ నొప్పి వస్తే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. హెచ్‌సీజీని సాధారణ స్థాయికి వచ్చేదాకా వారం వారం, ఆ తర్వాత కూడా వైద్యులు చెప్పినంత కాలం పరీక్షించాలి, ఆ కాలమంతా గర్భం రాకుండా చూసుకోవాలి. అది తగ్గకుండా నిలిచిపోయినా, మళ్లీ పెరిగినా, మిగిలిన మాయ కణాలకు కీమోథెరపీ అవసరమా అన్నది వైద్యులు తేలుస్తారు.