స్టాన్లీ టరెంటీన్ రికార్డులు ఏ వరుసలో వినాలి

టెనర్ శాక్సోఫోన్‌లో ఆర్తిని పలికించిన జాజ్ విద్వాంసులు చాలామందే ఉన్నారు గాని, ఒక్క స్వరం వినిపించగానే గుర్తుపట్టగలిగేవారు కొద్దిమందే. స్టాన్లీ టరెంటీన్ ఆ కొద్దిమందిలో ఒకరు. ఆయన 1934లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టి, 2000లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆల్బములు పదుల సంఖ్యలో ఉండడం వల్ల, కొత్త శ్రోత చేతికి అందినదానితో మొదలుపెట్టి, అది తీగవాద్యాల హోరులో శాక్సోఫోన్ మునిగిపోయిన రికార్డయితే, ఈయనలో అంత గొప్పేముందని పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. ఆయన ధోరణి జీవితాంతం దాదాపు ఒకటే. మారుతూ వచ్చింది పక్కవాద్యం. అందువల్ల సంవత్సరాల వరుసను పట్టించుకోకుండా, పక్కన ఎవరు వాయిస్తున్నారో చూసి రికార్డును ఎంచుకోవడం మంచి పద్ధతి.

ముందుగా వినే సాధనం సంగతి. ఫోను స్పీకరులో బాస్ (మంద్రంగా మోగే పెద్ద తీగవాద్యం) దాదాపు వినిపించదు, టెనర్ మంద్రస్థాయి పలచబడిపోతుంది. ఈయన సంగీతానికి ఆ రెండూ ప్రాణం. హెడ్‌ఫోన్స్ వాడేటట్లయితే రెండు చెవులకూ పెట్టుకోవాలి, ఎందుకంటే 1960ల తొలినాళ్ల స్టీరియో రికార్డుల్లో వాద్యాలను చెరో పక్కకు విడదీసి ఉంచడం మామూలు.

మొదటి రికార్డుగా 'బ్లూ అవర్' వినాలి. 1960 డిసెంబరులో, 'ది త్రీ సౌండ్స్' అనే పియానో బృందంతో చేసినది ఇది. జీన్ హారిస్ పియానో, ఆండ్రూ సింప్‌కిన్స్ బాస్, బిల్ డౌడీ డ్రమ్స్ వాయించారు. ఉన్నవి 5 పాటలే, ఎక్కువ భాగం విలంబంలోనే సాగుతాయి. చివరి పాట 'విల్లో వీప్ ఫర్ మీ'ని ఒకసారి ఊరికే వినేసి, రెండోసారి బాస్ నడకకు కాలితో తాళం వేస్తూ వినండి. మీ పాదం నేలను తాకిన క్షణానికి కాస్త ఆలస్యంగా శాక్సోఫోన్ స్వరం వచ్చి చేరడం తెలుస్తుంది. లయ తప్పడం కాదది. తాళం చేతిలో ఉన్నవాడు తీసుకునే చనువు. మూడోసారి స్వరాల మొదళ్లూ చివర్లూ మాత్రమే గమనించండి. చాలా స్వరాలను ఆయన నేరుగా అందుకోరు, కింది నుంచి చిన్న జారుతో ఎక్కుతారు. దీర్ఘస్వరాన్ని కొంతసేపు నిశ్చలంగా నిలిపి, విడిచిపెట్టబోయే ముందే దానికి కంపనం ఇస్తారు. నాదస్వరం విన్న చెవికి ఇది తొందరగానే పట్టుబడుతుంది. వేగంగా స్వరాలు కురిపించే వాద్యకారుడి కోసం వెతికేవారికి ఈ రికార్డు నిరాశ కలిగించవచ్చు, కాని ఇక్కడ ఓపిక పట్టినవారికి తరువాతివన్నీ సులువవుతాయి.

తరువాత గిటారు వైపు వెళ్లాలి. కెన్నీ బరెల్ 1963 జనవరిలో రికార్డు చేసిన 'మిడ్‌నైట్ బ్లూ'లో పియానో లేదు. గిటారు, టెనర్, బాస్, డ్రమ్స్, రే బరెట్టో కాంగా (చేతులతో వాయించే డోలు) మాత్రమే ఉన్నాయి. ఆ ఖాళీ వల్లనే టరెంటీన్ ఊపిరి కూడా దగ్గరగా వినిపించినట్లుంటుంది. 'చిట్లిన్స్ కాన్ కార్నె'తో మొదలుపెట్టండి. అయితే ఇది బరెల్ ఆల్బము కాబట్టి అన్ని పాటల్లోనూ శాక్సోఫోన్ ఉండదు. 'సోల్ లామెంట్'లో గిటారు ఒంటరిగానే పలుకుతుంది. 'జీ బేబీ, ఏంట్ ఐ గుడ్ టు యూ' అనే పాట 'బ్లూ అవర్'లోనూ ఉంది, ఇక్కడా ఉంది. ఇక్కడ టరెంటీన్ లేరు. రెండింటినీ వెంటవెంటనే వింటే, అదే పాటలో టెనర్ చేసే పని ఏమిటో ఏ వ్యాఖ్యానమూ అక్కరలేకుండా తెలిసిపోతుంది.

మూడోది ఆర్గన్. నా మటుకు ఆయన శాక్సోఫోన్‌కు సరైన జోడి ఇదే. 1960 ఏప్రిల్ 25న జిమ్మీ స్మిత్‌తో చేసిన ఒక్కరోజు రికార్డింగు నుంచి 'మిడ్‌నైట్ స్పెషల్', 'బ్యాక్ ఎట్ ద చికెన్ షాక్' అనే రెండు ఆల్బములు వచ్చాయి. బాస్ వాయించే మనిషి వేరే లేరు. ఆ పని కూడా స్మిత్ తన ఆర్గన్ మీదనే చేస్తారు. బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాటల సంప్రదాయం) కట్టుబాటును చెవికి అలవాటు చేసుకోవడానికి రెండో ఆల్బము శీర్షికగీతం అనువైనది. నాలుగేసి దెబ్బల చొప్పున పన్నెండు లెక్కపెడితే, అంటే 48 దెబ్బలకు, ఒక ఆవర్తనం పూర్తయి సంగీతం మళ్లీ మొదటికి వస్తుంది. నాలుగైదు ఆవర్తనాలు వేళ్ల మీద లెక్కించాక, లెక్క మానేసినా చెవి దానంతటదే ఎత్తుగడను పసిగడుతుంది. అప్పుడు టరెంటీన్ మనోధర్మం ఎక్కడ బిగిస్తోందో, ఎక్కడ వదులుతోందో అందుతుంది.

ఇదే ఆల్బములోని 'మైనర్ చాంట్' ఆయన సొంత రచన. రెండు నెలలు తిరగకముందే, 1960 జూన్‌లో, బ్లూ నోట్ కంపెనీకి నాయకుడిగా చేసిన తొలి ఆల్బము 'లుక్ అవుట్!'లో దానినే హొరేస్ పార్లాన్ పియానోతో మళ్లీ వాయించారు. చిన్ననాడు పోలియో సోకి కుడిచేయి దెబ్బతిన్నందువల్ల పార్లాన్ ఎడమచేతి మీద ఎక్కువగా ఆధారపడుతూ తనదైన శైలిని ఏర్పరచుకున్నారు. ఆయన పొడిపొడిగా, బలంగా మీటే స్వరాల మధ్య టెనర్‌కు దొరికే చోటు వేరు, ఆర్గన్ పరిచే ఒత్తు తివాచీ మీద దొరికే చోటు వేరు.

ఆర్గన్ మీద మనసు పోతే, టరెంటీన్ భార్య షర్లీ స్కాట్‌తో 1960లలో చేసినవి వెతుక్కోవచ్చు. వాటిలో 'డియర్లీ బిలవ్డ్'లో ఆమె పేరు 'లిటిల్ మిస్ కాట్' అని ఉంటుంది. మారుపేరు చూసి మరెవరో అనుకోనక్కరలేదు. పెద్ద వాద్యబృందంతో వినాలంటే ఆలివర్ నెల్సన్ కూర్పు చేసిన 1965 నాటి 'జాయ్‌రైడ్' ఒక్కటి చాలు.

సభలో టరెంటీన్ ఎలా ఉండేవారో తెలియాలంటే 'అప్ ఎట్ మింటన్స్' వినాలి. 1961 ఫిబ్రవరి 23న న్యూయార్క్ హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్‌లో ఇది రికార్డయింది, రెండు సంపుటాలు. పార్లాన్ పియానోకు గ్రాంట్ గ్రీన్ గిటారు తోడైంది. స్టూడియోలో పొదుపుగా ఉండే మనిషి ఇక్కడ పాటను సాగదీసి, జనాన్ని ఊపేస్తారు. మొదటి సంపుటంలోని 'స్టాన్లీస్ టైమ్' ముందు వినండి.

అందరూ ముందుగా సిఫారసు చేసే 'షుగర్'ను ఇంతదాకా ఆపడానికి కారణం ఉంది. 1970 నవంబరులో క్రీడ్ టేలర్ నడిపిన సీటీఐ రికార్డు కంపెనీకి రికార్డు చేసిన ఈ ఆల్బములో ఫ్రెడ్డీ హబ్బర్డ్ ట్రంపెట్, జార్జ్ బెన్సన్ గిటారు, రాన్ కార్టర్ బాస్ ఉన్నాయి. అందరూ మహామహులే కావడంతో కొత్త శ్రోత దృష్టి చెదిరిపోతుంది. పైగా శీర్షికగీతం ఎంత హాయిగా సాగుతుందంటే, వెనకాల నేపథ్యంగా పెట్టుకుని పని చేసుకోవాలనిపిస్తుంది. అలా వింటే టరెంటీన్ స్వరాన్ని వంచే తీరు చేజారుతుంది. శీర్షికగీతం అయ్యాక 'ఇంప్రెషన్స్' తప్పక వినాలి. అది మరో శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ రచన. 1950ల తొలినాళ్లలో శాక్సోఫోన్ వాద్యకారుడు ఎర్ల్ బాస్టిక్ బృందంలో కోల్ట్రేన్ ఖాళీ చేసిన స్థానంలోకి వెళ్లినవారు టరెంటీన్. కోల్ట్రేన్ ఉరవడిగా దూసుకుపోయిన ఆ రచనను ఈయన నిదానపు ఊపులోకి దించి, తన బ్లూస్ నుడికారంలోకి తెచ్చుకున్నారు. కోల్ట్రేన్ వాయించినది తెలిసినవారు దాన్ని ముందు ఒకసారి విని, వెంటనే దీన్ని పెట్టుకుంటే మంచిది.

దీని తరువాత 1973 నాటి 'డోంట్ మెస్ విత్ మిస్టర్ టీ' వినవచ్చు. శీర్షికగీతం గాయకుడు మార్విన్ గే రచన. 1970ల నడుమ నుంచి తీగవాద్యాలు దట్టించి చేసిన ఆల్బములను మాత్రం, పైవన్నీ అయ్యాక, తీరిక ఉంటేనే తీయండి.