దూరం కొలిచే సెన్సార్‌ను ఎంచుకోవడం ఎలా

దూరాన్నో స్థానాన్నో ఎలక్ట్రానిక్ పద్ధతిలో కొలవదలచినవారు సెన్సార్ ధరలు చూసే ముందు ఎంత దూరం కొలవాలో, ఎంత తేడా వచ్చినా ఫరవాలేదో, ఎదుటి వస్తువు దేనితో తయారైందో కాగితం మీద రాసుకోవాలి. విశాఖపట్నంలో ఉప్పుగాలినీ లెక్కలోకి తీసుకోక తప్పదు.

మేడమీది ట్యాంకులో నీటిమట్టం తెలుసుకోవడానికి అల్ట్రాసోనిక్ సెన్సార్ చాలు. చవకగా దొరికే హెచ్‌సీ-ఎస్ఆర్04 మాడ్యూల్ 40 కిలోహెర్ట్జ్ ధ్వనిని పంపి, ప్రతిధ్వని రావడానికి పట్టిన సమయాన్ని బట్టి 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల వరకు కొలవగలదు. అయితే ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు, 35 డిగ్రీల వద్ద సుమారు 352 మీటర్లు. ప్రోగ్రాములో 343 అని రాసి వదిలేస్తే ఎండాకాలం మధ్యాహ్నం మీటరు దూరం రెండున్నర సెంటీమీటర్లు తక్కువగా కనిపించి, నీళ్లు ఉన్నదానికంటే ఎక్కువగా ఉన్నాయనిపిస్తుంది. అందుకే ట్యాంకు లోపలి ఉష్ణోగ్రతను కూడా కొలిచి సవరించాలి. ఈ మాడ్యూల్ ముఖం జాలీతో తెరిచి ఉంటుంది కనుక లోపలి ఆవిరికి త్వరగా పాడవుతుంది. వాటర్‌ప్రూఫ్ రకమే మేలు, కానీ అది సుమారు 20 సెంటీమీటర్ల లోపు దూరాన్ని చూడలేదు కాబట్టి, ట్యాంకు నిండినప్పటి మట్టానికి అంతకంటే ఎత్తున, గోడకూ నీళ్లు పడే పైపుకూ దూరంగా బిగించాలి.

వీఎల్53ఎల్0ఎక్స్ వంటి లేజర్ సెన్సార్ గదిలో రెండు మీటర్ల లోపు బాగా పనిచేస్తుంది. ఎండలో, నల్లని వస్తువుల మీద దాని పరిధి తగ్గిపోతుంది. తేట నీటి మీద దాన్ని నమ్మకూడదు.

ఆటోనగర్ వర్క్‌షాపులో మిల్లింగ్ మెషీన్ బల్ల కదలికను మిల్లీమీటరులో వందో వంతు వరకు పట్టాలంటే ఈ రెండూ పనికిరావు, లీనియర్ స్కేల్, అంటే కదలిక వెంబడి గుర్తులను చదివి స్థానం చెప్పే కొలపట్టీ కావాలి. కూలెంటూ (కోతలో వేడి తగ్గించే ద్రవం) ఇనుప రజనూ పడేచోట గుర్తులను కాంతితో చదివే ఆప్టికల్ స్కేల్ కంటే అయస్కాంతంతో చదివే మాగ్నెటిక్ స్కేల్ నిలకడగా ఉంటుంది, కాకపోతే రజను అంటుకోకుండా తుడుస్తూ ఉండాలి. కదిలిన దూరాన్ని లెక్కపెట్టే ఇంక్రిమెంటల్ రకం కరెంటు పోతే తన స్థానం మరిచిపోతుంది, ప్రతి స్థానాన్నీ నేరుగా చదివే అబ్సల్యూట్ రకానికి ఆ ఇబ్బంది లేదు. లోహపు ముక్క వచ్చిందా లేదా అన్నది మాత్రమే తెలియాలంటే కొన్ని మిల్లీమీటర్ల దూరంలో పసిగట్టే ఇండక్టివ్ సెన్సార్ సరిపోతుంది. అల్యూమినియం అయితే ఉక్కుకు పనిచేసే దూరంలో సగం కూడా రాదు. జారే కాంటాక్టుతో మారే విద్యుత్ నిరోధాన్ని బట్టి స్థానం చెప్పే పొటెన్షియోమీటర్ చవకే గాని, రాపిడికి అరిగిపోతుంది, తీరం దగ్గర తేమకు కాంటాక్టులు చెడతాయి.

ఏది కొన్నా ఒక్క రీడింగును నమ్మకుండా, వరుసగా తీసిన అయిదింటిని క్రమంలో పేర్చి నడిమి విలువను తీసుకోవాలి, ఎందుకంటే ఒక్క తప్పుడు ప్రతిధ్వని సగటును మార్చేస్తుంది గాని నడిమి విలువను అంతగా కదిలించలేదు.