బేస్‌బాల్ పిచ్చర్‌ని చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: వేగం ఉంది, కంట్రోల్ లేదు

ఈ వారం స్లైడర్ (పక్కకి వంగే బంతి) గురించి చెబుతానని మాట ఇచ్చాను. పిచ్చర్ (బంతి విసిరేవాడు) వేసిన బంతుల మీద మీరు పంపిన చార్టులు చూశాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. స్లైడర్ వచ్చే పాఠంలో. ముందు ఈ గందరగోళం తేల్చుకోవాలి.

పోయిన పాఠంలో నేను కల్పించి ఇచ్చిన లెక్క ఇదీ. కాలేజీ జట్టులో శుక్రవారం రాత్రి ఆటని మొదలుపెట్టే, అంటే స్టార్టర్‌గా వేసే, కుడిచేతి కుర్రాడు. ఫాస్ట్‌బాల్ గంటకి 96 నుంచి 98 మైళ్లు. 5.2 ఇన్నింగ్స్ వేశాడు. 26 మంది బ్యాటర్లు, 98 పిచ్‌లు. 10 స్ట్రయికౌట్లు (మూడు స్ట్రయికులతో అవుటైనవాళ్లు), 5 వాక్‌లు (నాలుగు బాల్స్ పడి ఊరికే బేస్‌కి వెళ్లినవాళ్లు), ఒకడికి బంతి తగిలింది, 3 హిట్లు. ఇతని కంట్రోల్ (స్ట్రయికులు వేయగలగడం) ఎలా ఉందో చెప్పమన్నాను.

ముందు చిన్న తప్పు. 5.2 అంటే అయిదూ, పదింట రెండు కాదు. అయిదు ఇన్నింగ్స్, ఆ పైన రెండు అవుట్లు; ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు కాబట్టి 5 మీద మూడింట రెండు. 5.2తో భాగించినవాళ్లకి తొమ్మిది ఇన్నింగ్స్‌కి 8.65 వాక్‌లు వచ్చాయి. సరైన జవాబు 7.94. క్రికెట్‌లో 5.2 ఓవర్లంటే ఎవరూ పొరబడరు, ఇక్కడికొచ్చేసరికి ఎందుకు పొరబడతారో నాకు అర్థం కాదు. అసలు నేనైతే ఈ లెక్కే వాడను. ఎదుర్కొన్న బ్యాటర్లలో ఎంతమందికి వాక్ ఇచ్చాడో చూస్తాను. 26లో 5, అంటే 19 శాతం. మేజర్ లీగ్‌లో (అమెరికా అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగ్) ఇది మామూలుగా 8, 9 శాతం మధ్య ఉంటుంది. హిట్లు ఎక్కువ ఇచ్చినవాడు ఒక్కో ఇన్నింగ్స్‌లో ఎక్కువమందిని ఎదుర్కొంటాడు కాబట్టి ఇన్నింగ్స్ లెక్క తప్పుదారి పట్టిస్తుంది. శాతమే వాడండి.

రెండోది స్ట్రయిక్ శాతం, అంటే వేసిన పిచ్‌లలో బాల్ కాకుండా స్ట్రయిక్‌గా లెక్కకొచ్చినవి ఎన్నో. చాలామంది 30 అని రాశారు. 30 శాతం స్ట్రయికులు వేసేవాణ్ని రెండో ఇన్నింగ్స్ చూడనివ్వరండీ! బ్యాటర్ ఊపకుండా వదిలేస్తే అంపైర్ స్ట్రయిక్ అన్నవి 16, ఊపి తప్పినవి 13 కలిపి అక్కడితో ఆపేశారు. ఫౌల్ అయిన 16, బ్యాట్‌కి తగిలి ఆటలోకి వెళ్లిన 10 కూడా స్ట్రయికుల ఖాతాలోవే. మొత్తం 55. 98లో 55 అంటే 56 శాతం. ఒంటికి తగిలింది బాల్ కిందకి వెళ్తుంది. మేజర్ లీగ్‌లో 60 దాటి నాలుగైదు వరకూ ఉంటుంది. నా సొంత కొలబద్ద: 60 దాటితే నిశ్చింత, 55కి దిగితే స్టార్టర్‌గా కష్టం. మనవాడు సరిగ్గా గోడ మీద ఉన్నాడు. అందుకే అతన్ని ఎంచుకున్నాను.

స్ట్రయిక్ అంటే ఏమిటి, స్ట్రెచ్ అంటే ఏమిటి, 20 నుంచి 80 స్కేలు ఏమిటి అన్నవి వివరంగా మళ్లీ చెప్పను; స్ట్రెచ్ అంటే రన్నర్ బేస్ మీద ఉన్నప్పుడు ఒళ్లు తక్కువ కదిపి వేసే పద్ధతి, 20-80 అంటే స్కౌట్లు (జట్ల కోసం ఆటగాళ్లను వెతికేవాళ్లు) ఇచ్చే గ్రేడు, 50 సగటు. మొదటి పాఠం చూసుకోండి.

ఇక అసలు విషయం. ఆ కల్పిత లెక్క కాకుండా, నిజంగా ఒక ఆట చూసి బంతి ఎటు తప్పిందో చార్టులో గుర్తు పెట్టమన్నాను కదా. ఒకే ఆటని చూసినవాళ్ల చార్టులు పక్కపక్కన పెడితే సగం మంది "ఎక్కువగా ఎడమవైపు తప్పుతున్నాడు" అని, మిగతా సగం "ఎక్కువగా కుడివైపు" అని రాశారు. కుర్రాడు ఒక్కడే, ఆటా ఒక్కటే. మొదట నవ్వుకున్నాను. తర్వాత తల పట్టుకున్నాను. చూసింది ఇద్దరూ సరిగ్గానే చూశారు. కాకపోతే ఒకరు స్టేడియంలో క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) వెనక కూర్చున్నారు, ఇంకొకరు ఇంట్లో టీవీ ముందు కూర్చున్నారు.

క్యాచర్ వెనక కూర్చుంటే పిచ్చర్ మీకు ఎదురుగా ఉంటాడు. అతని కుడిచెయ్యి మీ ఎడమకి వస్తుంది. టీవీలో చూపించేది సెంటర్ ఫీల్డ్ కెమెరా, అంటే పిచ్చర్ వీపు వైపు నుంచి. అతని కుడిచెయ్యి మీకూ కుడివైపే. అదే బంతి ఒకరికి ఎడమ, మరొకరికి కుడి. పిచ్చర్ ఎడమచేతివాడైతే ఇదంతా మళ్లీ తిరగబడుతుంది. మొదటి రెండు ఇన్నింగ్స్ టీవీలో చూసి, కారెక్కి స్టేడియానికి వెళ్లి మిగతాది చూసినవాళ్లు కూడా ఒకరున్నారు. ఆ చార్టులో మూడో ఇన్నింగ్స్ నుంచి కుర్రాడు పూర్తిగా మారిపోయాడు! "మూడో ఇన్నింగ్స్‌లో అలసట వల్ల దిశ మారింది" అని కింద వ్యాఖ్య కూడా రాశారు. అలసట కాదండీ, మీరు కుర్చీ మారారు.

కాబట్టి ఈ రోజు నుంచి ఎడమ, కుడి అనే మాటలు చార్టులో కనపడకూడదు. చేతివైపు, గ్లవ్ వైపు. రెండే మాటలు. బంతి విసిరే చెయ్యి ఉన్నవైపు తప్పితే చేతివైపు. గ్లవ్ తొడుక్కున్న చెయ్యి వైపు తప్పితే గ్లవ్ వైపు. మీరు ఎక్కడ కూర్చున్నా, అతను ఏ చేతివాడైనా ఇది మారదు. బ్యాటర్‌ని బట్టి "లోపలికి, బయటికి" అని రాసినవాళ్లు కూడా ఉన్నారు. అదీ వద్దు. బ్యాటర్ మారితే లోపలున్నది బయటదైపోతుంది. కుడిచేతి బ్యాటర్ వెళ్లి ఎడమచేతివాడు వచ్చాడనుకోండి, పిచ్చర్ సరిగ్గా అదే తప్పు చేస్తున్నా మీ చార్టులో అది రెండు వేర్వేరు తప్పుల్లా కనిపిస్తుంది. ఆ వెర్రి మేం కూడా కొన్నాళ్లు పడ్డాం, ఆ పాత నోటుబుక్కులు ఇప్పటికీ ఎందుకూ పనికిరావు.

ఇంత గొడవ దేనికంటే, వాక్‌ల లెక్క ఎన్ని తప్పులో చెబుతుంది. అతను బాగుపడతాడా అన్నది తప్పులు ఎటు పడుతున్నాయో చూస్తే తెలుస్తుంది. మౌండ్ (పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ) నుంచి బ్యాటర్ దగ్గరుండే ప్లేటుకి 60 అడుగుల 6 అంగుళాలు. ప్లేటు వెడల్పు 17 అంగుళాలు. చెయ్యి వెంట్రుకవాసి ఆలస్యమైతే అంత దూరం వెళ్లేసరికి బంతి అడుగు పక్కకి పోతుంది. ముందు భుజం తొందరపడి బ్యాటర్ వైపు తెరుచుకుంటే చెయ్యి వెనకబడుతుంది, బంతి పైకీ చేతివైపుకీ ఎగిరిపోతుంది. దాన్ని సరిచేద్దామని బలంగా లాగితే కిందకీ గ్లవ్ వైపుకీ పడుతుంది. మొదటి లెక్కలోని మన కుర్రాడు బాల్స్‌గా వేసిన 43లో ఎక్కువ భాగం పైకి, చేతివైపే పోయాయనుకోండి, నాకు సంతోషం. ఒకే జబ్బు, ఒకే మందు వెతకాలి. 43 నాలుగు మూలలకీ సమానంగా పంచినట్టు ఉంటే, ఎంత వేగమున్నా నేను గ్రేడ్ తగ్గిస్తాను. లైను సరిగ్గా ఉండి పైకీ కిందకీ మాత్రమే తప్పేవాడంటే నాకు మరీ ఇష్టం. ఇది నా పక్షపాతమే అనుకోండి.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా రాండీ జాన్సన్ పేరు ఎత్తుతారు. ఈసారి చార్టుల కింద నలుగురు ఎత్తారు. "కంట్రోల్ వస్తే ఇంకో రాండీ జాన్సన్ అవుతాడు." ఆ వాక్యం రాయడం మానేయండి. కంట్రోల్ వస్తే బాగుంటాడని స్టేడియంలో పల్లీలమ్మే అబ్బాయికి కూడా తెలుసు. అయినా ఆ కథ సరిగ్గా చెప్పుకుంటే పనికొస్తుంది. జాన్సన్ 6 అడుగుల 10 అంగుళాల మనిషి. యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో ఆడాడు. 1985లో మేజర్ లీగ్ జట్టు మాంట్రియల్ ఎక్స్‌పోస్ డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకోవడం) రెండో రౌండ్‌లో తీసుకుంది. 1990, 91, 92 మూడేళ్లూ అమెరికన్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) అందరికంటే ఎక్కువ వాక్‌లు అతనివే: 120, 152, 144. 1992లో ప్రఖ్యాత పిచ్చర్ నోలన్ రయన్, పిచింగ్ కోచ్ టామ్ హౌస్ ఒక విషయం పట్టుకున్నారు. ముందు కాలు దిగేటప్పుడు మడమ మీద దిగుతున్నాడని, దాంతో ఒళ్లు పక్కకి తిరిగిపోతోందని చెప్పారు. పాదం ముందుభాగం మీద దిగడం నేర్చుకున్నాడు. 1993లో 255 ఇన్నింగ్స్ పైన వేసి 99 వాక్‌లే ఇచ్చాడు, 308 స్ట్రయికౌట్లు తీశాడు. తర్వాత అయిదు సై యంగ్ అవార్డులు (ఏటా ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చేవి).

ఇందులో చూడాల్సినవి రెండు. ఒకటి, తప్పు ఒక్కచోట ఉంది, పేరు పెట్టి చెప్పగలిగేలా ఉంది. రెండు, డ్రాఫ్ట్ నుంచి అక్కడికి ఏడేళ్లు పట్టింది. ఏడేళ్లు ఆగే ఓపిక ఏ జట్టుకుంటుందో రాయకుండా అతని పేరు వాడకండి. అటు చివర, కంట్రోల్ లేక మిగిలిపోయినవాడు స్టీవ్ డాల్కోవ్‌స్కీ ఉన్నాడు. అతను కాలేజీ వాడు కాదు, హైస్కూల్ నుంచే వచ్చాడు. 1960లో మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది అంచె) జట్టు స్టాక్టన్‌లో 170 ఇన్నింగ్స్ వేసి 262 స్ట్రయికౌట్లు తీశాడు, సరిగ్గా 262 వాక్‌లు ఇచ్చాడు. మేజర్ లీగ్ సీజన్‌లో ఒక్క ఆటా ఆడలేదు.

కాలేజీ పిచ్చర్లకి ఇంకా దగ్గరి ఉదాహరణ డేనియల్ బార్డ్. నార్త్ కరోలినా యూనివర్సిటీ నుంచి 2006లో బోస్టన్ రెడ్ సాక్స్ మొదటి రౌండ్‌లో తీసుకుంది. మరుసటి ఏడాది మైనర్ లీగ్‌లో స్టార్టర్‌గా 75 ఇన్నింగ్స్‌లో 78 వాక్‌లు ఇచ్చాడు. 2008లో రిలీఫ్‌కి (ఆట మధ్యలో వచ్చి కొద్దిసేపు వేయడానికి) మార్చారు, కంట్రోల్ వచ్చింది. 2009లో మేజర్ లీగ్‌కి చేరాడు. 2012లో మళ్లీ స్టార్టర్‌గా పెట్టారు, పోయింది. ఏళ్ల తరబడి తిరిగి రాలేదు. 2020లో కొలరాడో రాకీస్‌కి వచ్చి నేషనల్ లీగ్ కంబ్యాక్ ప్లేయర్ అనిపించుకున్నాడు. అందుకే రిపోర్టులో స్టార్టర్‌గా ఒక గ్రేడు, రిలీవర్‌గా ఇంకో గ్రేడు రాస్తాను. ఒక్క ఇన్నింగ్స్ వేసేవాడు 40 కంట్రోల్‌తో కూడా బతికేస్తాడు. ఆరు ఇన్నింగ్స్ వేయాలంటే 45, 50 దగ్గర ఉండాలి.

వేగం ఎక్కువైతే కంట్రోల్ పోతుందని రాసినవాళ్లకి ఒక్క మాట. టెన్నెసీ యూనివర్సిటీలో బెన్ జాయిస్ 2022లో 105.5 మైళ్లు వేశాడు. ఆ వేగంతోనే స్ట్రయికులూ వేశాడు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ పిచ్చర్‌గా ఆడిన కుమార్ రాకర్ గురించి అడిగినవాళ్లకి: అవును, అతని అమ్మమ్మ తాతయ్యలు ఇండియా నుంచి వచ్చినవాళ్లే, 2019లో డ్యూక్ మీద 19 స్ట్రయికౌట్లతో నోహిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) వేశాడు. కానీ అతను ఈ పాఠానికి సరిపోడు. ఈ పాఠానికి సరిపోయే మనవైపు జ్ఞాపకం ఉమ్రాన్ మాలిక్. 2022లో సన్‌రైజర్స్‌కి 157 కిలోమీటర్లు వేసినప్పుడు, అంటే దాదాపు 97.5 మైళ్లు, ఇటు ఆనందం, అటు పరుగులు చూసి టెన్షన్. ఆ టెన్షన్‌తోనే స్కౌట్ కూర్చుంటాడు.

నేను వాడే అడ్డదారులు కొన్ని చెబుతాను. ఆట మొదలయ్యే ముందు 40 నిమిషాలు బుల్‌పెన్ (పిచ్చర్ వార్మప్ చేసే చోటు) దగ్గర నిలబడండి. చాలా కాలేజీ స్టేడియాల్లో ఫెన్సింగ్ పక్కనే ఉంటుంది. అక్కడ బ్యాటర్ లేడు, రన్నర్ లేడు. అక్కడ కూడా చెదిరిపోతుంటే కారణం ఒంట్లో ఉంది. అక్కడ బాగా వేసి, రన్నర్ ఎక్కగానే స్ట్రెచ్‌లో చెదిరితే అది వేరే కథ. తర్వాత, క్యాచర్‌ని చూడండి. క్యాచర్ మూలలు వదిలేసి ప్రతిసారీ ప్లేటు మధ్యలో గ్లవ్ పెడుతున్నాడంటే వాడికి తన పిచ్చర్ గురించి మనకంటే బాగా తెలుసు. కొందరు గ్లవ్‌కి ఎంత దగ్గరగా పడిందో కొలిచి కమాండ్ (అనుకున్న చోటికే బంతి వేయడం) గ్రేడ్ ఇచ్చారు. మధ్యలో పెట్టిన గ్లవ్‌కి కొలిచి లాభం లేదు.

ఇంకోటి మౌండ్ మట్టి. హోమ్ జట్టే ముందు ఫీల్డింగ్ చేస్తుంది కాబట్టి మొదటి ఇన్నింగ్స్‌లో హోమ్ పిచ్చర్‌కి మట్టి కొత్తగా ఉంటుంది. ముందు కాలు దిగేచోట ఒకే గుంట పడితే మంచిది. కోడి గీకినట్టు నాలుగు చోట్ల ఉంటే రాసుకోండి. అవతలి పిచ్చర్ ఎక్కాక ఈ చిట్కా పనిచేయదు. కుడిచేతివాడి ఛాతీ చూడాలంటే మూడో బేస్ వైపుకి వెళ్లండి, ఫోన్‌లో స్లో మోషన్ చాలు. కాలు నేలకి ఆనినప్పుడు చెయ్యి పైకి వచ్చేసిందా, ఇంకా కిందే ఉందా అన్నదే చూడండి. మిగతావి తర్వాత.

ఒక హెచ్చరిక కూడా. మంగళవారం చిన్న కాలేజీలతో ఆడే ఆటల్లో స్ట్రయిక్ శాతం నమ్మకండి. అక్కడి బ్యాటర్లు నేలకి తగిలే స్లైడర్‌ని కూడా ఊపుతారు. రేపు పై స్థాయిలో ప్రొఫెషనల్ బ్యాటర్ ఊపడు, అదే బంతి బాల్ అవుతుంది.

అభ్యాసం. ఒకే పిచ్చర్‌ని మూడు శుక్రవారాలు వరుసగా చూడండి. ప్రతి పిచ్ నాలుగు గళ్లలో ఒకదాంట్లో వేయాలి: పైన చేతివైపు, పైన గ్లవ్ వైపు, కింద చేతివైపు, కింద గ్లవ్ వైపు. బేస్‌ల మీద రన్నర్ లేనప్పుడు వేసినవి ఒక రంగు పెన్నుతో, రన్నర్ ఉన్నప్పుడు వేసినవి వేరే రంగు పెన్నుతో. మూడు ఆటలకీ కలిపి 250 పైన గుర్తులు వస్తాయి. నాకు తెలుసు, చెయ్యి నొప్పి పుడుతుంది. ఆ తర్వాత ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన పరుగుల లెక్క) చూడకుండా ఆరు వరుసల రిపోర్టు రాయండి: ఇప్పటి కంట్రోల్ గ్రేడు, ముందు ముందు రాగల గ్రేడు, ఆ రెంటికీ మధ్య తేడా ఏ ఒక్క తప్పు సరిచేస్తే వస్తుందో. "పొటెన్షియల్" అనే మాట వాడితే తిప్పి పంపుతాను. వర్షం వల్ల శుక్రవారం ఆట శనివారానికి జరిగితే సాధారణంగా అదే పిచ్చర్ వేస్తాడు, కానీ వెళ్లే ముందు ఒకసారి జట్టు ప్రకటన చూసుకోండి. పోయిన నెల నేను రెండు గంటలు కారు నడుపుకుని వెళ్లి వేరేవాణ్ని చార్ట్ చేసుకుని వచ్చాను.