ఎం1 కార్బైన్ నకలు కొనేముందు జాగ్రత్తలు

ఎం1 కార్బైన్ అంటే రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం వాడిన పొట్టి రైఫిల్. చెన్నైలో ఉంటూ దాని నకలుమీద మనసుపడ్డారా? ముందు అడ్వాన్సు ఇవ్వకండి.

- నిజం తూటా పేల్చేదా, గాలితుపాకీయా తేల్చుకోండి. అమెరికాలో అమ్మే .30 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు) నకళ్లు నిజం తూటావే, సెమీ ఆటోమేటిక్: ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, తర్వాతిది దానంతటదే ఎక్కుతుంది. అక్కడి వీడియోలు చూసి ఆశపడొద్దు, ఇక్కడి మామూలు లైసెన్సుకు అవి రావు.

- గాలితుపాకీ అయితే బోరు 0.177 అంగుళాలు, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ మించకూడదు. ఏది మించినా లైసెన్సు తప్పదు. రెండూ బిల్లులో రాయించుకోండి. "తర్వాత పవరు పెంచిస్తాం సార్" అనే కొట్టువాడికి ఓ దండం పెట్టి వచ్చేయండి.

- గాలితుపాకీ స్టీలు గుండ్లు గట్టిదానికి తగిలితే వెనక్కి ఎగిరొస్తాయి. కళ్లద్దాలు ముందు కొనండి.

- అపార్టుమెంటు డాబా మీద వద్దే వద్దు.

- గురి నేర్చుకోవాలనుంటే రైఫిల్ క్లబ్బులో చేరడం మేలు. నా మటుకు ఈ నకలు గోడకే అందం.

- దారిలో చూసేవాళ్లకు అది అసలు తుపాకీయే. మూసిన సంచిలోనే, బిల్లుతో సహా తీసుకెళ్లండి.