చెన్నై విద్యార్థులకు ఒక్కరోజు మహాబలిపురం: ఏ వరుసలో చూడాలి, ఎక్కడ ఆడుకోవాలి

చెన్నైకి చదువుకోవడానికి వచ్చిన తెలుగు విద్యార్థుల్లో మహాబలిపురం వెళ్లనివారు అరుదు. అయితే చాలామంది పొద్దెక్కాక బయల్దేరి, మిట్టమధ్యాహ్నపు ఎండలో రాళ్ల మధ్య తిరిగి, గుట్ట వాలున జారకుండా నిలిచిన పెద్ద గుండ్రటి రాయి అయిన వెన్నముద్ద బండ దగ్గర ఫొటోలు దిగి, అలసిపోయి వెనక్కి వచ్చేస్తారు. ఊరు చిన్నదే, నగరానికి దక్షిణంగా ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద సుమారు 55 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఎండను బట్టి చూడవలసిన వరుసను ముందే అనుకుని వెళ్తే శిల్పాలకూ, సముద్రపు ఒడ్డున సరదాకూ ఒక్క రోజు చాలు.

జనవరి, ఫిబ్రవరి నెలలు ఇందుకు అన్నిటికన్నా అనువైనవి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి, సముద్రం కూడా అల్లకల్లోలంగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లక తప్పకపోతే పదకొండు గంటలకల్లా బయట తిరగడం ముగించుకోవాలి. వారాంతపు రద్దీ విపరీతం కాబట్టి క్లాసులు లేని పనిదినం దొరికితే దాన్ని వదులుకోవద్దు.

టి.నగర్, తిరువాన్మియూర్, తాంబరం వైపుల నుంచి నగర బస్సులు దొరుకుతాయి. బోర్డు మీద ఊరి పేరు మామల్లపురం అని ఉంటుంది. పుదుచ్చేరి వెళ్లే బస్సు ఎక్కితే అది ఊళ్లోకి రాకుండా బైపాస్ దగ్గరే దింపవచ్చు, అక్కడి నుంచి షేర్ ఆటో చూసుకోవాలి. బైకు మీద వెళ్లేవారు వెనక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ ఉండేలా చూసుకోవాలి, ఆ రోడ్డు మీద కార్ల వేగం అలాంటిది. ఎలా వెళ్లినా ఏడు గంటలకు ఊళ్లో ఉండేలా బయల్దేరడం ముఖ్యం.

కేంద్ర పురావస్తు శాఖ స్మారకాలు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు తెరిచి ఉంటాయి. తీర దేవాలయానికీ, రథాల ఆకారంలో బండలను తొలిచి చేసిన పంచరథాలకూ కలిపి ఒకటే టికెట్టు, అది ఆ రోజుకు మాత్రమే చెల్లుతుంది. వెన్నముద్ద బండ ఆవరణలోనూ దాన్ని చూపించమంటారు కాబట్టి సాయంత్రం దాకా భద్రంగా ఉంచుకోవాలి. భారతీయులకు 40 రూపాయలైతే విదేశీయులకు 600 రూపాయలు. మీ బృందంలో విదేశాల నుంచి వచ్చిన సహవిద్యార్థులు ఉంటే ఈ సంగతి ముందే చెప్పడం మర్యాద. నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ వంటి సార్క్ దేశాలవారికి భారతీయుల ధరే వర్తిస్తుంది, పాస్‌పోర్టు చూపిస్తే సరిపోతుంది.

మొదట చూడవలసింది అర్జునుని తపస్సు. ఈ శిల్పం తూర్పు ముఖంగా ఉండడం వల్ల ఉదయపు ఎండ నేరుగా పడి ప్రతి గీతా స్పష్టంగా కనిపిస్తుంది, మధ్యాహ్నానికి ఆ స్పష్టత పోతుంది. 7వ శతాబ్దంలో పల్లవులు దాదాపు 30 మీటర్ల పొడవున్న బండ మీద దీన్ని చెక్కారు. తపస్సు చేస్తున్నది అర్జునుడా, గంగ కోసం నిలబడిన భగీరథుడా అన్న వాదన నేటికీ తేలలేదు. బండ మధ్యలోని సహజమైన చీలికలో నాగుల శిల్పాలు ఉన్నాయి. ఒకప్పుడు పైనుంచి ఈ చీలిక గుండా నీటిని వదిలేవారని పండితులు భావిస్తారు. పెద్ద ఏనుగు దంతాల దగ్గర కాస్త వంగి చూడండి: ఒక పిల్లి వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లు పైకెత్తి, పైనున్న తాపసి భంగిమలోనే తపస్సు చేస్తుంటుంది, దాని పాదాల దగ్గర ఎలుకలు నిశ్చింతగా తిరుగుతుంటాయి. మనవాళ్లు కొంగకు అంటగట్టిన జపాన్ని పల్లవ శిల్పి పిల్లి చేత చేయించాడు. ఈ ఒక్క బండ ముందు అరగంటైనా గడపాలన్నది నా అభిప్రాయం.

పక్కనే ఉన్న కృష్ణ మండపంలో పాలు పితికించుకుంటూ దూడను నాకుతున్న ఆవును చూసి గుట్ట ఎక్కాలి. అక్కడ వరాహ గుహ, దీపస్తంభం దగ్గర మహిషాసురమర్దిని గుహ తప్పక చూడవలసినవి. రెండో గుహలో ఒక గోడ మీద సింహవాహనం ఎక్కి విల్లు ఎత్తిన దుర్గ ముందు మహిషుడు వెనక్కి తగ్గుతుంటాడు, ఎదుటి గోడ మీద విష్ణువు శేషుడి మీద ప్రశాంతంగా పడుకుని ఉంటాడు. ఉండవల్లి గుహల్లోని శయనమూర్తిని చూసినవారు ఆ రెంటినీ పోల్చుకోవచ్చు. వెన్నముద్ద బండకు పది నిమిషాలు చాలు.

ఊళ్లో అద్దె సైకిళ్లు దొరుకుతాయి. వాటి మీద పంచరథాలకు వెళ్తుంటే దారి పొడవునా శిల్పుల దుకాణాల నుంచి ఉలి చప్పుడు వినిపిస్తుంది. రథాలను ఒక్కొక్క బండను పైనుంచి కిందికి తొలుస్తూ మలిచారు, కొన్నిటి అడుగు భాగం అసంపూర్తిగా మిగిలిపోవడం అందువల్లనే. పాండవుల పేర్లు తర్వాత జనం పెట్టినవే. ద్రౌపది రథం పైకప్పు అచ్చంగా తాటాకు గుడిసె కప్పులా ఉంటుంది, లోపల ఉన్నది దుర్గ. ఇక్కడ నీడ తక్కువ కాబట్టి పదిన్నరకల్లా ముగించాలి.

ఎండ ముదిరిన వేళను భోజనానికీ విశ్రాంతికీ ఉంచుకుని, సరదాకు ఒక్కటే ఎంచుకోవాలి. సోమవారం కాకపోతే వడనెమ్మేలిలోని మొసళ్ల పార్కుకు వెళ్లవచ్చు, 1976లో మొదలైన ఆ పార్కు చెన్నై వైపు దారిలోనే ఉంది. పడవ మీద తిరగాలనుకుంటే ముట్టుకాడు ఉంది. అలల మీద సర్ఫింగ్ నేర్చుకోవాలంటే మాత్రం వరుస తిరగేయాలి: తెల్లవారుజామునే ఈ దారిలోనే ఉన్న కోవళంలో దిగి, శిక్షకుడి సమక్షంలో సాధన చేసి, ఆ తర్వాతే మహాబలిపురం చేరుకోవాలి. అలాంటప్పుడు గుట్టను వదిలేసినా తప్పులేదు. మహాబలిపురం తీరంలో మాత్రం ఈత కొట్టకండి, అక్కడి లోపలి ప్రవాహాలు ఈత వచ్చినవారిని కూడా లాక్కుపోతాయి. మోకాళ్ల లోతు దాటవద్దు.

నాలుగున్నరకు తీర దేవాలయం చేరుకోవాలి. 8వ శతాబ్దపు తొలినాళ్లలో పల్లవ రాజు రాజసింహుడు కట్టించిన ఈ ఆలయంలో రెండు శివాలయాల మధ్య విష్ణువు శయనించి ఉంటాడు. ఉప్పుగాలికి ఇక్కడి శిల్పాల ముఖాలు అరిగిపోయాయి కాబట్టి దగ్గరగా వెతికేకన్నా దూరంగా నిలబడి రెండు శిఖరాలనూ కలిపి చూడడం మేలు. ఆరు గంటలకు సిబ్బంది ఈల వేసి అందరినీ బయటికి పంపిస్తారు. ఆదివారం సాయంత్రం నగరం వైపు వాహనాలు బారులు తీరుతాయి, హాస్టలు గేటు తొమ్మిదింటికి మూసేస్తారనుకుంటే తీరంలో కూర్చోకుండా నేరుగా బస్టాండుకు నడవాలి.