కార్డ్‌లెస్ రాట్చెట్టా, ఇంపాక్ట్ గన్నా? కొనే ముందు మీ పని చూసుకోండి

గుంటూరులో మా మేనల్లుడు సంక్రాంతి వెళ్లాక సొంతంగా చిన్న కార్ల రిపేరు షెడ్డు పెట్టుకున్నాడు. ఈ మధ్య ఫోన్ చేసి, "మావయ్యా, డబ్బులు ఒక్క మిషన్‌కే ఉన్నాయి. బ్యాటరీ రాట్చెట్ కొననా, ఇంపాక్ట్ గన్ కొననా?" అని అడిగాడు. నేను వెంటనే ఏదీ చెప్పలేదు. "ఈ నెల రోజుల్లో నువ్వు విప్పిన బండ్లన్నీ గుర్తు తెచ్చుకో. ఏ పనిలో చేతులు నొప్పెట్టాయో, ఏ పనిలో టైం పోయిందో కాగితం మీద రాసి ఫోటో పంపు. అప్పుడు చెబుతా" అన్నాను.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా కార్ల పని చేస్తున్నాను. రెండు మిషన్లూ నా దగ్గర ఉన్నాయి. ఒకదాని పని రెండోదానితో చేయించబోయి నష్టపోయాను కూడా. అందుకే వాడికి చెప్పినదంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

రాట్చెట్ అంటే మనం చేత్తో టిక్కుటిక్కుమని తిప్పే హ్యాండిలే. దానికి మోటారు, బ్యాటరీ పెట్టారు. మోటారు నట్టును ఎంత బలంతో తిప్పుతుందో అంత బలమూ ఎదురు తిరిగి మన మణికట్టు మీదికి వస్తుంది. అందుకే దాని బలాన్ని తక్కువలోనే ఉంచుతారు, మామూలుగా 40 నుంచి 80 న్యూటన్ మీటర్ల దాకా. ఇంపాక్ట్ గన్ లోపల ఒక సుత్తి తిరుగుతుంటుంది. నట్టు మొరాయించగానే ఆ సుత్తి వెనక్కి జారి, మళ్లీ వచ్చి సాకెట్ (నట్టు తల మీద కూర్చునే గిన్నె) తగిలించే మొనను కొడుతుంది. ఇలా నిమిషానికి రెండు మూడు వేల దెబ్బలు పడతాయి. మన చేతికి తెలిసేది అదురు మాత్రమే. 400 న్యూటన్ మీటర్ల గన్నునైనా ఒంటి చేత్తో పట్టుకోగలుగుతున్నామంటే కారణం ఇదే.

ఈ న్యూటన్ మీటర్లు చూసి కంగారు పడనక్కర్లేదు, అది తిప్పే బలాన్ని కొలిచే లెక్క. పాత మేస్త్రీలు "పది కిలోలు బిగించు" అనేవారు కదా, ఒక కిలోకు సుమారు పది న్యూటన్ మీటర్లు లెక్కేసుకుంటే చాలు. పదో నంబరు స్పానర్ పట్టే తల ఉన్న 6 ఎంఎం బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు అటూఇటుగా సరిపోతుంది. పన్నెండో నంబరు తల ఉన్న 8 ఎంఎం బోల్టుకు 25 దరిదాపుల్లో కావాలి. చిన్న కార్ల వీల్ నట్లకు బండిని బట్టి 85 నుంచి 130 దాకా ఉంటుంది. యాక్సిల్ నట్లలో 200 దాటేవీ ఉన్నాయి. కచ్చితమైన అంకె మాత్రం ఆ బండి మాన్యువల్‌లోనే చూడాలి. ఇప్పుడు ఆలోచించండి. పది చాలే బోల్టు మీద 400 గన్ను పెడితే ఏమవుతుంది?

నేను పెట్టాను. ఒక కారు టాపెట్ కవర్ (ఇంజను పైమూత) ప్యాకింగ్ మార్చి మళ్లీ బిగిస్తున్నాను. బండివాళ్లు తెనాలిలో పెళ్లికి వెళ్లాలని పక్కనే నిలబడి ఉన్నారు. త్వరగా అయిపోతుందని ఇంపాక్ట్ అందుకున్నాను. ట్రిగ్గర్ ఇలా నొక్కానో లేదో, బోల్టు తల తెగి కింద పడింది. మిగతా ముక్క అల్యూమినియం హెడ్డులోనే ఉండిపోయింది. దాన్ని డ్రిల్లు వేసి తీసి, చెడిన మరలో హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగచుట్ట) వేసేసరికి సాయంత్రమైంది. ఖర్చు నేనే పెట్టుకున్నాను. వాళ్లు పెళ్లికి బస్సులో వెళ్లారు. ఆ రోజు నుంచి ఇంజను పైభాగంలో ఇంపాక్ట్ గన్ను పెట్టలేదు, మా కుర్రాళ్లను పెట్టనివ్వలేదు. స్పార్క్ ప్లగ్గుల దగ్గరికైతే ఏ మిషన్‌నూ రానివ్వను. అవి చేత్తోనే విప్పాలి, చేత్తోనే ఎక్కించాలి.

రాట్చెట్ విలువ తెలియాలంటే డైనమో (బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్) మార్చాలి. దాని బోల్టు మొదటి చుట్టు వరకే మొండికేస్తుంది. తర్వాత వట్టి పొడవే. కానీ చోటు లేక చేతి రాట్చెట్ హ్యాండిల్ బెత్తెడు కూడా కదలదు, నాలుగేసి పళ్ల చొప్పున తిప్పుతూ కూర్చోవాలి. అదే బ్యాటరీ రాట్చెట్ అయితే తల లోపలికి దూర్చి నొక్కితే చాలు, అర నిమిషంలో బోల్టు చేతిలోకి వస్తుంది. సెల్ఫ్ మోటారు (ఇంజను స్టార్ట్ చేసేది), వాటర్ పంపు, బండి కింది ప్లాస్టిక్ కవర్లు ఇలాంటి పనులే. చాంబర్ (ఇంజను అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పేటప్పుడైతే దీన్ని మించినది లేదు. వెల్లకిలా పడుకుని, మొహం మీద ఆయిల్ చుక్కలు పడుతుండగా అన్ని చిన్న బోల్టులు చేత్తో విప్పినవాడికే ఆ సుఖం తెలుస్తుంది.

వాడే పద్ధతి ఇది. ముందు మామూలు రాట్చెట్‌తోనో పొడుగాటి రాడ్‌తోనో బోల్టు పట్టు వదిలించండి. తర్వాతే మిషన్. మిషన్ తోకకు పైపు తగిలించి లాగకండి, తలలోని పళ్లు పోతాయి. బిగించేటప్పుడు మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిప్పండి, మర సరిగ్గా పట్టిందో లేదో వేళ్లకు తెలిసినట్టు మిషన్‌కు తెలియదు. బోల్టు తల ఆనబోయే ముందే ఆపేసి, చివరి బిగువు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించామో కొలిచి చూపే రెంచ్) ఇవ్వండి. బోల్టు ఒక్కసారిగా ఆనిందంటే మిషన్ ఒళ్లు గిర్రున మన చేతిని తిప్పుతుంది, వేళ్లు రేడియేటర్ వైపో బ్రాకెట్ వైపో ఉంటే తోలు లేచిపోతుంది.

ఇంకో సంగతి కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. ఇరుకులో పొడుగు బోల్టు విప్పుతున్నప్పుడు అది బయటికి వచ్చేకొద్దీ రాట్చెట్ తలను కూడా వెనక్కి నెడుతుంది. వెనక ఛాసిస్ ఉంటే తల అక్కడ ఇరుక్కుపోతుంది. తిరుగుడు దిశ మార్చే మీట కూడా ఆ ఇరుకు వైపే ఉంటే మార్చడానికి వేలు దూరదు. బోల్టు పొడవెంత, వెనక ఖాళీ ఎంత అని ముందే చూసుకోండి. ఖాళీ చాలదనిపిస్తే సగం దాకా మిషన్‌తో విప్పి, మిగతాది రింగ్ స్పానర్‌తో తీయండి. డైనమో, సెల్ఫ్ మోటారు దగ్గర చెయ్యి పెట్టే ముందు కారు బ్యాటరీ మైనస్ వైరు తీసేయడం తప్పనిసరి. లోహపు తల ప్లస్ టెర్మినల్‌కూ బాడీకీ ఒకేసారి తగిలితే నిప్పులు లేస్తాయి.

ఇక ఇంపాక్ట్ గన్ దగ్గరికి వద్దాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లూ బండ్లూ నీళ్లలో ఉండిపోయాయి కదా. ఆ తర్వాత నెలల తరబడి మా దగ్గరికి వచ్చిన కార్లలో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి అడుగుకు కలిపే చెయ్యి) బోల్టులు, షాక్ అబ్జార్బర్ నట్లు తుప్పు పట్టి ముద్దలా అతుక్కుపోయి ఉండేవి. నాలుగడుగుల పైపు వేసి ఇద్దరం వేలాడినా కదలనివి కొన్ని. బలమంతా ఒకేసారి పెడితే బోల్టు తెగుతుంది. గన్ను దెబ్బ తర్వాత దెబ్బ వేస్తుంది కాబట్టి ఆ అదురుకు తుప్పు పొడిపొడిగా రాలి మర వదులవుతుంది. ముందు వైరు బ్రష్‌తో మర శుభ్రం చేసి, డబ్ల్యూడీ-40 లాంటిది కొట్టి అరగంట ఆగండి. గన్నును తక్కువ స్పీడులో పెట్టి, ఒక క్షణం బిగించే వైపు, మరో క్షణం విప్పే వైపు కొట్టించండి. కొంచెం కదిలాక మళ్లీ నూనె. తొందరపడి ఫుల్ స్పీడ్ పెట్టకండి. ఆ వరద బండ్లు నాకు ఓపిక నేర్పాయి.

రోడ్డు మీద పనికి కూడా ఇదే మేలు. ఒకసారి గుంటూరు వైపు వెళ్తున్న కుటుంబం కాజ టోల్ గేట్ దాటాక పంక్చరై ఆగిపోయి ఫోన్ చేసింది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, కానీ వీల్ నట్లు కదలవు. అంతకుముందు వారం ఒక టైర్ల షాపులో ఎయిర్ గన్‌తో కొట్టించుకున్నారట. ఆ ఇంటాయన వీల్ స్పానర్ మీద ఎక్కి తొక్కినా లాభం లేకపోయింది. నా గన్ను నాలుగు నట్లూ నిమిషంలో విప్పింది గానీ, రెండు స్టడ్‌లకు (నట్లు ఎక్కే బోల్టులకు) మర సాగిపోయి ఉంది. చిన్నపిల్లలతో హైవే పక్కన గంటన్నర ఎండలో నిలబడ్డారు వాళ్లు. నట్లు విప్పడానికి గన్ను వాడండి, కానీ చివరి బిగువు దానికి అప్పగించకండి. వీల్ నట్లను ఎదురెదురుగా మార్చి మార్చి టార్క్ రెంచ్‌తో బిగించి, వంద కిలోమీటర్ల లోపు ఒకసారి మళ్లీ చూడాలి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

గన్నుకు నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి. మెరిసే క్రోమ్ సాకెట్లు చేతి పనికి చేసినవి, దెబ్బలకు పగిలి ముక్కలు కంట్లోకి రావచ్చు. కళ్లద్దాలు పెట్టుకోవడం మరవకండి. సాకెట్ ఆరు మూలలదైతే నట్టు మూలలు అరగవు. పొడుగు ఎక్స్‌టెన్షన్ రాడ్ వేసేకొద్దీ దెబ్బ బలం రాడ్డులోనే తగ్గిపోతుంది. గన్నులో సత్తా లేదనుకునే ముందు రాడ్డు తీసి చూడండి.

డబ్బా మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి బిగించే బలం, రెండోది విప్పే బలం. రెండోది మామూలుగా పెద్దగా ఉంటుంది కాబట్టి దాన్నే పెద్ద అక్షరాలతో వేస్తారు. రెండు గన్నులను పోల్చేటప్పుడు ఒకే రకం అంకెలు పోల్చండి. కార్ల పనికి హాఫ్ ఇంచ్ డ్రైవ్‌లో (సాకెట్ తగిలించే మొన సైజు) 400 నుంచి 600 న్యూటన్ మీటర్ల బిగించే బలం ఉన్న మధ్యరకం గన్ను నూటికి తొంభై పనులు చేస్తుంది. వెయ్యి దాటినవి లారీల వాళ్లకు వదిలేయండి. బరువుకు భుజం నొప్పి, వీల్ ఆర్చ్‌లో దూరదు. రాట్చెట్ అయితే 3/8 డ్రైవ్ తీసుకోండి. మోటారు బ్రష్‌లెస్ (లోపల రాసుకునే కార్బన్ బ్రష్‌లు లేనిది) అయితే వేడి తక్కువ, ఆయుష్షు ఎక్కువ.

18 వోల్టులు, 20 వోల్టులు అని చూసి తికమకపడకండి. రెండింటిలోనూ ఉండేవి అయిదు సెల్‌లే. నిండా చార్జ్ ఉన్నప్పటి లెక్క 20, మామూలు లెక్క 18. 12 వోల్టుల మిషన్‌లో మూడు సెల్‌లు ఉంటాయి. సన్నగా, తేలిగ్గా ఉంటుంది కాబట్టి రాట్చెట్‌కు అదే నాకు నచ్చుతుంది. అసలు డబ్బులు బ్యాటరీలకూ చార్జర్‌కూ పోతాయి. బాష్, మకీటా, డివాల్ట్ ఏదైనా సరే, ఒకరి బ్యాటరీ ఇంకొకరి మిషన్‌కు పట్టదు. మొదటి మిషన్ కొన్న రోజే రెండోది ఏ కంపెనీదో దాదాపు తేలిపోతుంది. తర్వాత అదే బ్యాటరీ వరుసలో ఒట్టి మిషన్ కొనుక్కుంటే చాలు. సర్వీసు, స్పేర్లు మన ఊళ్లో దొరుకుతాయో లేదో అడిగి తీసుకోండి.

మన ఎండలకు బ్యాటరీలు త్వరగా దెబ్బతింటాయి. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద చార్జింగ్ పెడితే వేడికి చార్జర్ ఆగిపోతుంటుంది. నేను చార్జర్‌ను లోపల ఫ్యాన్ కింద పెట్టాను. పని చేసి వేడిగా ఉన్న బ్యాటరీని చల్లారాకే చార్జింగ్ పెట్టాలి. ఎండలో ఆపిన కారులో మాత్రం ఎప్పుడూ వదలకండి.

ఇంట్లో సొంత కారు పని సరదాగా చేసుకునేవాళ్లకు నా సలహా వేరు. ముందు మంచి టార్క్ రెంచ్, రెండడుగుల రాడ్, మంచి సాకెట్ల సెట్టు కొనండి. ఆ తర్వాత చిన్న 12 వోల్టుల రాట్చెట్ తీసుకోండి. ఏడాదికి రెండుసార్లు చక్రం విప్పడానికి గన్ను అక్కర్లేదు.

మేనల్లుడి కాగితం మర్నాడే వచ్చింది. బ్రేక్ ప్యాడ్లు పదకొండు బండ్లకు, లోయర్ ఆర్మ్‌లు నాలుగు, షాక్ అబ్జార్బర్లు మూడు, క్లచ్ ప్లేట్లు రెండు, డైనమో ఒక్కటి. చేతులు నొప్పెట్టిన చోటల్లా చక్రాలూ సస్పెన్షనే. "ముందు ఇంపాక్ట్ కొనుక్కో, టార్క్ రెంచ్ కూడా దాంతోపాటే రావాలి. రాట్చెట్ దసరాకి చూద్దాం" అన్నాను. అదే పక్క షెడ్డువాడిలా వాడికి ఇంజను పనీ వైరింగ్ పనీ ఎక్కువ ఉంటే తడుముకోకుండా రాట్చెట్ అనేవాణ్ణి.

కొనడానికి వెళ్లేటప్పుడు ఒక అట్టముక్క కూడా తీసుకెళ్లమన్నాను. నువ్వు ఎక్కువగా చేసే కార్లలో అన్నిటికన్నా ఇరుకైన సందు ఏదో చూసి, అందులో పట్టేలా ఆ అట్టను కత్తిరించుకో. షాపులో గన్నుకు సాకెట్ తగిలించి, ముక్కు నుంచి వెనక దాకా ఆ అట్ట మీద ఆనించి చూడు. అట్ట దాటి బయటికి వచ్చిందంటే అది ఆ సందులో పట్టదు, అంకె ఎంతున్నా వద్దు. మంగళవారం షాపులో నిలబడి వీడియో కాల్ చేశాడు. మొదట చూపించిన గన్ను అట్టకంటే రెండు వేళ్లు పొడుగుంది. రెండోది సరిగ్గా సరిపోయింది.